కాకినాడ ఓడ, మిర్యాలగూడ తవుడు

2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఒక ఓడ ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. అందులో 12,500 టన్నుల బియ్యం ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న వడ్లను మర పట్టించగా వచ్చిన బియ్యం అవి. జెండా ఊపి పంపినవారు రాష్ట్ర పౌరసరఫరాల మంత్రి, మన హుజూర్‌నగర్ శాసనసభ్యులు ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారు. బియ్యం రకం ఎంటీయూ 1010. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన కేంద్రంలో తయారైన వంగడం అది. కృష్ణవేణి అనే మన రకాన్ని, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇచ్చిన ఐఆర్ 64 రకాన్ని కలిపి దాన్ని పుట్టించారు. అంటే ఆ దేశపు గింజ మన మడిలో మరో రూపు దిద్దుకుని, మళ్లీ ఆ దేశపు పళ్లేనికే చేరిందన్నమాట.

ఆ ఓడ అప్పుడే ఎందుకు కదిలింది? నాలుగైదేళ్ల ముందు ఎందుకు కదల్లేదు? మన దగ్గర వడ్లు లేకనా? కాదు. 2021లోనే సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడల్లో కల్లాలు నిండిపోయి, మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, రైతులకు టోకెన్లు ఇచ్చి పంపాల్సి వచ్చింది. వడ్లు ఉన్నాయి, మిల్లులు ఉన్నాయి, తినేవాళ్లు ఉన్నారు. మధ్యలో ఒక అంకె అడ్డం ఉంది. ఈ రోజు ఆ అంకె గురించి, అలాంటి మరికొన్ని అంకెల గురించి మాట్లాడతాను. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలంటే ఢిల్లీ, జెనీవా, సింగపూర్‌ల సంగతని, మన ఊళ్లకు పట్టనిదని చాలామంది అనుకుంటారు. మన మిల్లు గేటు దగ్గర పలికే ధరలో అవి ఎప్పుడో చేరిపోయాయి.

ఫిలిప్పీన్స్ ఏటా లక్షల టన్నుల బియ్యం బయటి నుంచి కొంటుంది. 2019లో ఆ దేశం కొత్త చట్టం తెచ్చింది. ఇంత సరుకే రావాలన్న పరిమితులు తీసేసి, వాటి బదులు సుంకం పెట్టింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లోని దేశాల బియ్యానికి 35 శాతం. మిగిలిన దేశాల బియ్యానికి ఒక మోతాదు వరకు 40 శాతం, అది దాటితే 50 శాతం. వియత్నాం, థాయిలాండ్ ఆ కూటమిలో ఉన్నాయి. మనం లేము.

ఒక లెక్క వేసి చూద్దాం. టన్ను బియ్యం ధర 400 డాలర్లు అనుకోండి. వియత్నాం బియ్యం మీద 140 డాలర్ల సుంకం పడి, మనీలా రేవులో 540కి వస్తుంది. అదే ధరకు మనం అమ్మినా, ఆ మోతాదు దాటితే 200 డాలర్ల సుంకం పడి 600 అవుతుంది. టన్నుకు 60 డాలర్ల తేడా అంటే మన లెక్కలో క్వింటాలుకు దాదాపు 500 రూపాయలు. క్వింటాలు బియ్యం మీద 500 రూపాయలు వదులుకుని వ్యాపారం చేయగల మిల్లు మన చుట్టుపక్కల ఎక్కడుంది? అందుకే ఫిలిప్పీన్స్ కొనే బియ్యంలో నూటికి డెబ్బై పాళ్లకు పైగా వియత్నాం ఒక్కటే అమ్ముకుంటూ వచ్చింది. వాళ్ల రైతు మన రైతుకన్నా ఎక్కువ కష్టపడుతున్నాడని కాదు, వాళ్ల మిల్లు మన మిల్లుకన్నా గొప్పదనీ కాదు. వాళ్ల దేశం ఆ కూటమి లోపల ఉంది, మన దేశం బయట ఉంది.

ఆ తరువాత ఫిలిప్పీన్స్‌లో ధరలు పెరిగి, 2021లో అందరికీ 35 శాతం చేశారు. 2024 జులైలో అందరికీ 15 శాతానికి దించారు. అయినా మన బియ్యం వెంటనే వెళ్లలేదు. ఎందుకంటే అప్పటికి మన తలుపు మనమే మూసుకున్నాం. 2023 జులై 20న బాస్మతి కాని పచ్చి బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆ మరుసటి నెలలో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేశారు. అక్టోబరులో ఉప్పుడు బియ్యం మీద సుంకం పూర్తిగా తీసేశారు. ఇటు తలుపు, అటు తలుపు రెండూ ఒకేసారి తెరుచుకున్న ఆ కొద్ది కాలంలోనే కాకినాడ ఓడ కదిలింది. మళ్లీ 2025 సెప్టెంబరు 1 నుంచి తమ రైతుల పంట చేతికొచ్చే వేళ అని ఫిలిప్పీన్స్ దిగుమతులే ఆపేసింది. రెండు నెలలన్నారు, ఏడాది చివరిదాకా పొడిగించారు. వాళ్ల రైతును వాళ్లు కాపాడుకోవడాన్ని తప్పు పట్టలేం. కానీ ఒప్పందం అంటూ లేని చోట వ్యాపారం ఎంత గాలివాటుగా ఉంటుందో ఆ ఒక్క ఏడాది చూస్తే చాలు.

ఆసియాన్‌తో మనకూ ఒప్పందం ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. 2009 ఆగస్టు 13న సంతకాలయ్యాయి, 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఒప్పందం అనగానే అన్ని సరుకులకూ సుంకం పోతుందని అర్థం కాదు. ప్రతి ఒప్పందం వెనుక వందల పేజీల పట్టికలుంటాయి. ప్రతి సరుకుకూ ఒక సంఖ్య, ఆ సంఖ్య ఎదురుగా ఏ ఏడాదికి సుంకం ఎంతకు దిగాలో రాసి ఉంటుంది. కొన్ని సరుకులు వెంటనే సున్నాకు వస్తాయి. కొన్ని మెట్లు మెట్లుగా దిగుతాయి. కొన్నిటిని అసలు ముట్టుకోరు. బియ్యం లాంటి సున్నితమైన సరుకును ఎవరికి వారు పక్కన పెట్టుకున్నారు. కాబట్టి ఆ ఒప్పందం మన బియ్యానికి మనీలా తలుపు తెరవలేదు. ఆ పట్టికలోనే మరో చోట, మనం అసలు తలచుకోని సరుకు ఒకటి ఉంది. మన ప్రాంతానికి తగిలిన దెబ్బ అక్కడి నుంచి వచ్చింది. అది పామాయిల్.

పామాయిల్‌కూ మిర్యాలగూడకూ సంబంధం ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణి అయ్యాయి. నీళ్ల వెంట వరి, వరి వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడలో వాటిలో ఎక్కువ ఉప్పుడు బియ్యం మిల్లులే. దానికి కారణం యాసంగి ఎండ. మార్చి, ఏప్రిల్ వేడికి గింజ లోపల సన్నటి పగుళ్లు పడతాయి. ఆ వడ్లను పచ్చివిగా మర పడితే సగానికి సగం నూకలవుతాయి. నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి పడితే గింజ గట్టిపడి నిలుస్తుంది. ఎప్పుడైనా రాత్రిపూట మిర్యాలగూడ బైపాస్ మీదుగా వెళితే ఆ నానిన వడ్ల వాసన బస్సు కిటికీలోంచి ముక్కుకు తగులుతుంది. లోపల బాయిలర్ కింద మండేది కూడా ఆ వడ్ల పొట్టే.

అక్కడ మర కింద ఒక పక్కగా రాలే తవుడును పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. పిడికిలి తెరిచినా ముద్ద విడిపోదు, అరచేయి జిడ్డుగా మెరుస్తుంది. ఆ జిడ్డే నూనె. క్వింటాలు వడ్లకు ఏడెనిమిది కిలోల తవుడు వస్తుంది. ఉప్పుడు వడ్ల తవుడైతే అందులో అయిదో వంతు దాకా నూనె ఉంటుంది. పచ్చి తవుడు గంటల వ్యవధిలోనే చెడిపోవడం మొదలవుతుంది. అందులో సహజంగా ఉండే ఒక ఎంజైమ్ నూనెను విరిచేసి పుల్లబరుస్తుంది. ఆవిరి పట్టిన వడ్ల తవుడు కొంచెం ఎక్కువ నిలుస్తుంది. అందుకే తవుడు నూనె తీసే సాల్వెంట్ ఫ్యాక్టరీలు మిల్లుల పక్కనే పెట్టుకోవాలి. మిల్లుల గుంపు ఉన్న చోటే ఆ పరిశ్రమ బతుకుతుంది. దేశంలో ఏటా సుమారు 10 లక్షల టన్నుల తవుడు నూనె తయారవుతోంది. ఒక్క ఎకరం కొత్తగా సాగు చేయకుండా, ఒక్క చుక్క నీరు అదనంగా పెట్టకుండా వచ్చే నూనె ఇది.

మరో సంగతి. ప్రభుత్వం వడ్లు ఇచ్చి మర పట్టించుకున్నప్పుడు మిల్లుకు ముట్టే మర కూలి చాలా తక్కువ. తవుడు, నూకలు, ఊక మిల్లుకే మిగులుతాయి. మిల్లు నిలబడేది వాటి మీదే. అంటే మిల్లు లాభం బియ్యంలో కన్నా తవుడులో ఎక్కువ ఉంది. తవుడు ధర నూనె ధరను బట్టి ఉంటుంది. నూనె ధర దేశంలోకి వచ్చే పామాయిల్ ధరను బట్టి ఉంటుంది. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే, అందులో పెద్ద వాటా ఇండోనేసియా, మలేసియాల పామాయిల్‌ది. కాబట్టి ఢిల్లీలో పామాయిల్ మీద సుంకం ఒక మెట్టు దిగితే, ఆ వారంలోనే మిర్యాలగూడలో తవుడు బేరం మారుతుంది. మిల్లు మిగులు తగ్గితే, బహిరంగ మార్కెట్లో వడ్లు కొనేటప్పుడు మిల్లరు చెప్పే ధర కూడా తగ్గుతుంది. చివరికి ఆ భారం వచ్చి పడేది రైతు మీద.

ఆసియాన్ ఒప్పందంలో పామాయిల్‌ను ప్రత్యేక సరుకుగా పెట్టారు. ముడి పామాయిల్ మీద సుంకం 37.5 శాతానికి, శుద్ధి చేసిన దాని మీద 45 శాతానికి దించుతామన్నది మనం ఇచ్చిన మాట. ఈ రెంటి మధ్య ఉండే తేడా చాలా ముఖ్యం. ఆ తేడాను నమ్ముకునే కాకినాడ, కృష్ణపట్నం తీరాల్లో పెద్ద రిఫైనరీలు లేచాయి. ముడి నూనె ఓడలో దింపుకుని ఇక్కడ శుద్ధి చేసి అమ్మితే లాభం అన్నది లెక్క. సింగపూర్‌కు చెందిన విల్మర్ సంస్థ 1999లో అదానీతో కలిసి ఈ రంగంలోకి వచ్చింది. ఇది నికరమైన విదేశీ పెట్టుబడి. సుంకాల పట్టికలో రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోంచి పుట్టిన పెట్టుబడి. 2019 జనవరి 1న ఆ ఖాళీ కుంచించుకుపోయింది. మలేసియాతో మనకు విడిగా ఉన్న ఒప్పందం ప్రకారం అక్కడి శుద్ధి చేసిన పామాయిల్ మీద సుంకం 45 శాతానికి, ముడి నూనె మీద 40 శాతానికి వచ్చింది. తేడా అయిదే శాతం. ఇంక ఇక్కడ శుద్ధి చేయడం ఎందుకు? ప్యాకింగ్‌కు సిద్ధంగా ఉన్న నూనె ఓడల్లో దిగింది, ఇక్కడి రిఫైనరీలకు పని తగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం 5 శాతం రక్షణ సుంకం వేసింది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్‌ను అనుమతి ఉంటేనే తెచ్చుకునే జాబితాలో చేర్చింది.

నిజం చెప్పాలంటే నేరమంతా ఒప్పందానిదే కాదు. ఒప్పందం పై హద్దు మాత్రమే గీస్తుంది. ఆ హద్దుకు లోపల సుంకాన్ని అటూ ఇటూ జరిపేది మన ప్రభుత్వమే. 2021 అక్టోబరులో ముడి పామాయిల్ మీద మూల సుంకాన్ని సున్నా చేశారు. 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచారు. 2025 మే నెలాఖరులో 10కి దించారు. పట్నంలో నూనె ప్యాకెట్ ధర పెరిగితే దించుతారు, నూనెగింజల రైతు గోల పెడితే పెంచుతారు. ఇద్దరి బాధా నిజమే. కానీ సాల్వెంట్ ఫ్యాక్టరీ కట్టాలంటే కోట్లు కావాలి, బ్యాంకు అప్పు తీరడానికి ఏళ్లు కావాలి. ఏడాదికోసారి అంకె మారే చోట ఎవరు పెట్టుబడి పెడతారు? నూనె తీసిన తవుడు చెక్క సంగతీ ఇంతే. పశువులకు, కోళ్లకు, ఆంధ్ర చేపల చెరువులకు అది మేత. 2023 జులైలో దాని ఎగుమతి నిషేధించి, పొడిగిస్తూ పోయి, రెండేళ్లు దాటాక గానీ వదల్లేదు. విదేశీ పెట్టుబడి మాట అటుంచండి, మిర్యాలగూడ షావుకారే తన డబ్బు తన ఊళ్లో పెట్టడానికి జంకుతాడు.

ఇక విదేశీ పెట్టుబడుల ప్రశ్న. ఒప్పందాలు చేసుకుంటే పెట్టుబడులు వరదలా వస్తాయని ఒక మాట ఉంది. ఉన్న ఫ్యాక్టరీలు మూతపడతాయని దానికి ఎదురు మాట. రెండూ జరిగాయి. ఎప్పుడు ఏది జరుగుతుందో తెలియాలంటే పట్టికలో ఏ గడిలో ఏ అంకె ఉందో చూడాలి.

2004 సెప్టెంబరు 1న థాయిలాండ్‌తో 82 సరుకుల మీద ముందస్తు సుంకాల కోత మొదలైంది. అందులో కలర్ టీవీ ఉంది. జపాన్ సంస్థ సోనీకి హర్యానాలోని ధరుహేరాలో టీవీ ఫ్యాక్టరీ ఉండేది, థాయిలాండ్‌లోనూ ఉండేది. తక్కువ సుంకంతో అక్కడి నుంచే తెచ్చుకునే వీలుంటే ఇక్కడ ఎందుకు? ఆ ఏడాదే సోనీ ఇక్కడ టీవీల తయారీ ఆపేసింది. ఒప్పందం వల్ల పెట్టుబడి రాలేదు సరికదా, ఉన్నది లేచిపోయింది.

శ్రీలంకతో మన ఒప్పందం 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. అక్కడ పామాయిల్ చవకగా దిగుతుంది, ఇక్కడ దాని మీద భారీ సుంకం. దాంతో మన వ్యాపారులే కొందరు సముద్రం దాటి అక్కడ వనస్పతి ఫ్యాక్టరీలు పెట్టారు. మలేసియా నూనెను శ్రీలంకలో గట్టి పరిచి, శ్రీలంక సరుకుగా సుంకం లేకుండా భారత్‌కు పంపారు. ఇక్కడి వనస్పతి మిల్లులు లబోదిబోమన్నాయి. చివరికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నులు దాటకూడదని పరిమితి పెట్టుకున్నారు. 2008లో భారత్ ముడి పామాయిల్ మీద సుంకం తీసేసింది. తేడా పోయింది, ఆ ఫ్యాక్టరీలూ పోయాయి. సుంకం తేడా కోసం వచ్చిన పెట్టుబడి ఆ తేడా ఉన్నన్నాళ్లే ఉంటుంది. ఇప్పుడు నేపాల్ నుంచి సున్నా సుంకంతో వస్తున్న శుద్ధి చేసిన సోయా, పామాయిల్‌ది ఇలాంటి కథే. నేపాల్‌లో పామ్ తోటలు లేవు. సరుకు ఏ దేశంలో పుట్టిందో రుజువు చూపాలన్న నిబంధనలను 2020 సెప్టెంబరులో గట్టి చేసినా, ఆ సందు పూర్తిగా మూసుకుపోలేదు.

దీనికి పూర్తిగా వేరైన ఉదాహరణ అనంతపురం వైపు ఉంది. కొరియాతో 2010 జనవరి నుంచి మనకు ఒప్పందం ఉంది. అందులో విడిభాగాల మీద సుంకం తగ్గింది గానీ, పూర్తిగా తయారైన కారును మాత్రం పక్కన పెట్టారు. కారు తెచ్చుకుంటే సుంకం భారీగా పడుతుంది, ఇక్కడ కడితే విడిభాగాలు చవకగా వస్తాయి. మరి కొరియా సంస్థ ఏం చేస్తుంది? 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు రోడ్డెక్కాయి. వెంట విడిభాగాల కంపెనీలూ వచ్చి చేరాయి. సోనీ వెళ్లిపోవడానికీ కియా రావడానికీ తేడా ఎక్కడుంది? పూర్తి సరుకుకు గేటు తెరిచామా, ముడి భాగాలకు తెరిచామా అన్న దగ్గరుంది. పూర్తి వస్తువుకు తలుపు తెరిచి, దాని ముడి సరుకు మీద సుంకం అలాగే ఉంచితే మన ఫ్యాక్టరీకి మనమే సంకెళ్లు వేసినట్టు. ఈ తలకిందుల సుంకాన్ని సరిచేయకుండా ఎన్ని ఒప్పందాలు చేసుకున్నా స్థానిక తయారీ పెరగదు. ఇది నా గట్టి నమ్మకం.

మరి మన ప్రాంతానికి విదేశీ పెట్టుబడి రాలేదా? వచ్చింది. మేళ్లచెరువులో మై హోం సిమెంట్ ఫ్యాక్టరీ మీలో చాలామందికి తెలుసు. 2008లో ఐర్లండ్‌కు చెందిన సీఆర్‌హెచ్ సంస్థ మై హోం ఇండస్ట్రీస్‌లో సగం వాటా కొంది. దొండపాడులోని శ్రీ విష్ణు సిమెంట్ జువారీ సిమెంట్ చేతికి, దాని ద్వారా ఇటలీ సంస్థ ఇటాల్‌సిమెంటీ చేతికి వెళ్లింది. 2016లో ఆ ఇటలీ సంస్థనే జర్మనీ వాళ్ల హైడెల్‌బర్గ్ కొనేసింది. ఆ కాలంలో ఐరోపాతో మనకు ఏ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమూ లేదు. వాళ్లను ఇక్కడికి రప్పించింది కృష్ణా తీరంలో మన కాళ్ల కింద ఉన్న సున్నపురాయి, చుట్టూ పెరుగుతున్న పట్నాలు. సిమెంట్ బరువైన సరుకు, దూరం పోయేకొద్దీ లాభం కిరాయికే పోతుంది. అమ్ముకోవాలంటే ఇక్కడే తయారు చేయాలి. అందుకని ఒప్పందాల గాలి సిమెంట్‌కు పెద్దగా సోకలేదు. అయితే ఆ పెట్టుబడిలో ఎక్కువ భాగం ఉన్న ఫ్యాక్టరీల యాజమాన్యం చేతులు మారడమే. వాటా కొనడానికి పెట్టిన డబ్బు, కొత్త యంత్రం పెట్టడానికి పెట్టిన డబ్బు లెక్కల్లో రెండూ విదేశీ పెట్టుబడే. మఠంపల్లి, మేళ్లచెరువు కుర్రాడికి ఉద్యోగం తెచ్చేది రెండోదే.

సిమెంట్‌కు రాయి ఉన్నట్టు మన దగ్గర బియ్యానికి నీళ్లు, నేల, మిల్లు, మర తెలిసిన మనుషులు ఉన్నారు. అయినా బియ్యం రంగంలోకి అలాంటి పెట్టుబడి రాలేదు. కారణం ఇప్పటిదాకా చెప్పిందే. ఎప్పుడు ఎగుమతి ఆగుతుందో తెలియదు, తవుడు ధర ఎప్పుడు పడుతుందో తెలియదు, కొనే దేశంలో సుంకం ఎంతో తెలియదు. ఈ మూడింట్లో కనీసం ఒకదాన్నైనా ఒప్పందం ద్వారా కట్టుదిట్టం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఒక అవకాశం ఉంది. 2025 ఆగస్టులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ఢిల్లీ వచ్చినప్పుడు రెండు దేశాల మధ్య ప్రాధాన్య వాణిజ్య ఒప్పందానికి చర్చల విధివిధానాలు ఖరారయ్యాయి. అందులో బియ్యానికి సున్నా సుంకం అడగనక్కర్లేదు, వాళ్లు ఇవ్వరు కూడా. ఆసియాన్ దేశాల బియ్యానికి ఎంతో మన బియ్యానికీ అంతే, అంతకన్నా ఎక్కువ వేయబోమన్న ఒక్క హామీ చాలు. మొదట చెప్పిన 60 డాలర్ల తేడా మళ్లీ తలెత్తకుండా ఉంటుంది. ఆసియాన్ ఒప్పందాన్ని తిరగరాసే చర్చలు కూడా నడుస్తున్నాయి. ముడి నూనెకూ శుద్ధి చేసిన నూనెకూ మధ్య తగినంత తేడా శాశ్వతంగా ఉండాలని అక్కడ పట్టుబట్టాలి. అది తవుడు నూనె రిఫైనరీలనూ కాపాడుతుంది, అశ్వారావుపేట, దమ్మపేట పామాయిల్ రైతునూ కాపాడుతుంది. అక్కడ గెలల ధర కూడా దిగుమతి ధర వెంటే నడుస్తుంది కదా.

స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్‌లతో చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడులు, 10 లక్షల ఉద్యోగాలు అని అందులో రాసుకున్నారు. పెట్టుబడి మాటను ఇలా ఒప్పందంలోనే రాయించుకోవడం మనకు ఇదే మొదలు. మన మిల్లుల్లో నల్లగింజను ఏరే యంత్రాన్ని అందరూ సార్టెక్స్ అంటారు. ఆ పేరు స్విట్జర్లాండ్ కంపెనీ బ్యూలర్‌ది. వాళ్లకు బెంగళూరులో ఎప్పటి నుంచో ఫ్యాక్టరీ ఉంది. ఇన్ని మిల్లులు ఒకే చోట ఉన్న మిర్యాలగూడలో ఆ యంత్రాల విడిభాగాలు, మరమ్మతు, శిక్షణ కేంద్రం పెట్టమని అడగడానికి మనకు ఇంతకన్నా మంచి సమయం రాదు. పెట్టుబడిదారు తనంతట తానే మన ఊరు వెతుక్కుంటూ రాడు. రాష్ట్ర పరిశ్రమల శాఖ ఇక్కడి లెక్కలు పట్టుకుని వెళ్లి వాళ్ల ముందు పెట్టాలి.

మన ఊళ్లలో చేసుకోవాల్సిన పనీ ఉంది. ఎగుమతికి పోయే బియ్యంలో పురుగుమందు అవశేషాలు, తేమ, నూక శాతం పరీక్షించి పత్రం ఇచ్చే ప్రయోగశాల సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ఉండాలి. సరుకు పుట్టుక పత్రం తీసుకోవడం ఎలాగో చిన్న మిల్లర్లకు నేర్పాలి. సుంకం తగ్గినా ఆ పత్రం లేకపోతే తగ్గింపు వర్తించదు.

కేంద్ర వాణిజ్య శాఖ ప్రతి ఒప్పందానికి ముందు పరిశ్రమల సంఘాల అభిప్రాయాలు తీసుకుంటుంది. పెద్ద కంపెనీలు, నగరాల సంఘాలు తమ పట్టికలు సిద్ధం చేసుకుని వెళతాయి. మన పేరు చెప్పేవాళ్లు అక్కడ లేకపోతే మన సరుకు ఎవరికో ఇచ్చే రాయితీ కింద పోతుంది. కాబట్టి కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ రైస్ మిల్లర్ల సంఘాలకు, తవుడు నూనె పరిశ్రమ వారికి, రైతు సంఘాలకు నాది ఒక్కటే మనవి. ఫిలిప్పీన్స్ చర్చలు ముగిసేలోగా బియ్యం, తవుడు నూనె, తవుడు చెక్క ఈ మూడింటి మీద మీకు ఏం కావాలో అంకెలతో సహా రాసి, మీ పార్లమెంటు సభ్యుల చేతికిచ్చి ఢిల్లీకి పంపండి. వాణిజ్య శాఖ నుంచి జవాబు వచ్చేదాకా వదలకండి.